మంచుకొండ మీద అన్నదమ్ములు

అనగనగా అగరుపురాన్ని ఏలే ఒక రాజు. ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జయంధరుడు, చిన్నవాడు సుకేతుడు. తమ్ముణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే చాలు, అన్నకి ఒళ్లు మండిపోయేది. గుర్రం సకిలించినా తమ్ముణ్ణి చూసే సకిలించిందని కుళ్లుకునేవాడు. ఏం చెప్పమంటారర్రా, అదో జబ్బు!

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి మందారికను ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, మంచుకొండ మీది గుహలో, ఒక చిలకలో ఉంది. "ఆ చిలకను పట్టినవాడికే రాకుమారితో పెళ్లి, వాడికే నా సింహాసనం" అన్నాడు రాజు కొడుకులతో.

అన్నదమ్ములిద్దరూ ఏడు సముద్రాలూ దాటారు. కొండ కింద ఒక ముసలి కొండమేక ఎదురైంది.

"నాయనలారా, మూడు మాటలు వినండి. ఎండెక్కకముందే వాలు దాటండి. మంచులో కర్ర గుచ్చి చూడండి, పైన గట్టిగా, కింద డొల్లగా ఉంటే అటు పోకండి. ఒకరు అవతలి రాయి ఎక్కాకే ఇంకొకరు అడుగు పెట్టండి. ఒక్కరినైతే మోస్తుంది మంచు, ఇద్దరిని మోయదు" అంది.

మొదటి వాలు ఎండెక్కకముందే దాటారు. రెండో వాలులో కర్ర గుచ్చితే డొల్ల, సరేనని రాళ్ల మీదుగా చుట్టు తిరిగి పోయారు. మూడో వాలుకి అవతలే గుహ. ముందు తమ్ముడు బయల్దేరాడు. అవతలి రాయి దాకా వచ్చేశాడు. అది చూసి అన్న కడుపు రగిలిపోయింది. 'అయ్యో, చిలక వాడిదే, పిల్ల వాడిదే, రాజ్యం వాడిదే!' ఇంక ఆగలేక మంచు మీద పరుగందుకున్నాడు.

ధుమ్మని చప్పుడైంది. మంచు పలక విరిగి జారిపోయింది. తమ్ముడు ఒక్క ఉదుటున రాయి పట్టుకున్నాడు. అన్న కూరుకుపోయాడు.

గుహ గుమ్మంలోనే చిలక పంజరం, చెయ్యి చాస్తే అందుతుంది. సుకేతుడు దాని వంక చూడనైనా లేదు. "అన్నా! అన్నా!" అని ఏడుస్తూ దిగి వట్టి చేతులతో మంచు తవ్వాడు. గోళ్లు ఊడాయి, వేళ్లు కొయ్యబారాయి. ఎలాగో అన్నను పైకి లాగి, తాను కూలబడ్డాడు.

జయంధరుడు తేరుకుని, తిన్నగా పోయి పంజరంలోంచి చిలకను తీశాడు. మాంత్రికుడు పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు.

"చిలకను నీ దగ్గరే దాచుకో దొరా! నీకు బానిసనై ఉంటా. పిల్లా నీదే, రాజ్యమూ నీదే. తమ్ముణ్ణి ఇక్కడే వదిలెయ్, చాలు!"

జయంధరుడు తమ్ముడి చేతులు చూశాడు. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే కసురుకున్నాడు.

"ఛీ! ఇందులోనూ నువ్వే గొప్పవాడివయ్యావు కదరా! ఇంకా కుళ్లుగానే ఉంది నాకు. ఇదిగో చిలక, నా మనసు మారకముందే పట్టుకో!"

పట్టుకుందామంటే తమ్ముడి వేళ్లు వంగవు. అన్నే వాటిని తన గుప్పిట్లోకి తీసుకుని చిలక మెడ విరిపించాడు. మాంత్రికుడు గిలగిలా కొట్టుకుని చచ్చాడు. గుహలో బందీగా ఉన్న మందారిక బయటికి నడిచొచ్చింది.

ఆకాశమంత పందిరేసి సుకేతుడికీ మందారికకీ పెళ్లి చేశారు. వాళ్లు అరవై ఏళ్లు రాజ్యమేలారు. అన్నే మంత్రి. అసూయ పుట్టిన రోజున దాచుకోకుండా, "తమ్ముడూ, ఇవాళ కడుపు మండుతోందిరా" అని చెప్పేసేవాడట. తమ్ముడు నవ్వి, జరిగి, సింహాసనం మీద పక్కన చోటిచ్చేవాడట.