ఓబులమ్మ ముక్కుపుడక

అనగనగా, మన తాతల తాతలకు కూడా తాతలు పుట్టని కాలంలో, మణిగిరి అని ఒక రాజ్యం. దానికి చిత్రభానుడు రాజు. మంచివాడే. కాకపోతే ఒకసారి ఒకరిని నమ్మాడంటే మళ్ళీ అటువైపు తొంగి చూడడు. మంచి రాజులకు ఉండే జబ్బే అది.

ఆ రాజ్యంలో ఇత్తడికి పూత పూసి బంగారమని అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. రాజుకు కోపం వచ్చి శాసనం వేయించాడు. ఎవరి బంగారమైనా సరే, సభలో పరీక్షాధికారి చూసి ముద్ర వేయాలి. నకిలీ అని తేలితే దాన్ని ఆ అధికారే ఏట్లో పారేయాలి. తెచ్చినవాళ్ళు పొద్దు గుంకేలోగా కోట విడిచిపోవాలి.

ఆ పరీక్షాధికారి పేరు కనకసేనుడు. నల్లటి గీటురాయి మీద నగతో ఒక గీత గీసేవాడు. గీత మీద సీసాలోని ద్రావకం ఒక చుక్క వేసేవాడు. గీత నిలిస్తే బంగారం, కరిగితే నకిలీ.

మొదట నాగులయ్య అనే నేతగాడు తన తల్లి గొలుసు తెచ్చాడు. గీత కరిగిపోయింది. చంటిబిడ్డను ఎత్తుకుని, కురుస్తున్న వానలోనే కోట దాటాడు.

తరువాత పడవ నడిపే సూరమ్మ కమ్మలు తెచ్చింది. ఆ గీతా కరిగిపోయింది. సభలోవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. చూస్తే నోట్లో వేలు పెడితే కొరకలేనట్టున్నారు, లోపల ఇంత మోసమా అనుకున్నారు. రాజూ అలాగే అనుకున్నాడు. అలా ఒక్క ఏడాదిలో ముప్పై ఒక్క కుటుంబాలు కోట దాటాయి.

అప్పుడు ఓబులమ్మ వచ్చింది. ఆమె పని కంసాలి వీధిలో దుమ్ము ఊడ్చి, కాలువ నీళ్ళలో కడిగి, అందులో రాలిన బంగారు రజను ఏరుకోవడం. పన్నెండేళ్ళు రేణువు రేణువుగా దాచి, కరిగించి, మిరియపు గింజంత పూస చేసుకుంది. ఊరందరి బంగారం కడిగిన మనిషికి తన ముక్కున ఒక్క పుడక చూసుకోవాలని ఆశ. అంతకుమించి ఏమీ లేదు.

కనకసేనుడు గీత గీశాడు. చుక్క వేశాడు. గీత కరిగిపోయింది.

పన్నెండేళ్ళ ఆశ పోతే పోయింది, ఇప్పుడు ఉన్న ఊరే పోతోంది. అయినా ఓబులమ్మ కదలలేదు. "పొమ్మంటే పోతాను మారాజా," అంది. "ఆ పూసలో ప్రతి రేణువూ నా వేళ్ళతో ఏరిందే. ఒక్కసారి నా పద్ధతిలో చూపించనివ్వండి."

రాజు సరేనన్నాడు. ఆమె అడిగినవి ఒక నిమ్మకాయ, కాసిని నిప్పులు, ఒక సుత్తి. పోల్చి చూడడానికి ఒక భటుడి ఇత్తడి బిళ్ళ కూడా అడిగి తీసుకుంది. వాడు లబలబలాడాడు గానీ, రాజు ముందు ఏమంటాడు?

మొదట రెండింటినీ వేరువేరు గిన్నెల్లో నిమ్మరసంలో జాము సేపు నానబెట్టింది. బిళ్ళ ఉన్న రసం ఆకుపచ్చగా మారింది. పూస ఉన్న రసం రంగు మారలేదు. తరువాత రెండింటినీ నిప్పుల్లో వేసి తీసింది. బిళ్ళ నల్లబడింది. పూస మెరుస్తూనే ఉంది. చివరికి సుత్తితో కొట్టింది. బిళ్ళ అంచులు పగిలాయి. పూస మాత్రం ఎక్కడా చిట్లకుండా తమలపాకులా పలచగా సాగింది.

సభలో గుసగుసలు మొదలయ్యాయి. కనకసేనుడు నవ్వి, ఇవి వంటింటి చిట్కాలనీ, శాస్త్రం తన గీటురాయేననీ అన్నాడు. రాజు మళ్ళీ అతని వైపే తల ఊపాడు. చెప్పాను కదా, జబ్బని.

ఓబులమ్మ చేతులు జోడించింది. "అయితే మారాజా, తమరి వేలి ఉంగరాన్ని కూడా ఆ రాయి మీద ఒక్కసారి గీయించండి."

సభ అదిరిపడింది. అది ఏడు తరాల రాజముద్రిక. అయినా రాజు ఉంగరం తీసి ఇచ్చాడు. కనకసేనుడు గీత గీసి, నడుముకున్న సంచిలోంచి ఇంకో సీసా బయటకు తీశాడు.

"ఆ సీసా కాదు దొరా," అంది ఓబులమ్మ. "నాకు పోసిన సీసా."

కనకసేనుడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. రాజే ముందుకు వంగి, మొదటి సీసా అందుకుని చుక్క వేశాడు.

ఏడు తరాల బంగారు గీత, అందరి కళ్ళముందే కరిగిపోయింది.

సంగతి ఏమిటంటే, ఆ సీసాలో ఉన్నది బంగారాన్ని కూడా మింగేసే ఘాటు ద్రావకం. పెద్దల నగలకు ఒక సీసా, పేదల నగలకు ఒక సీసా. కనకసేనుడి ఇల్లు వెతికితే ఏట్లో పడి ఉండాల్సిన గొలుసులు, కమ్మలు పెట్టె నిండా దొరికాయి.

"శాసనం ప్రకారం ఇప్పుడు ఎవరు కోట దాటాలి మారాజా?" అని మెల్లగా అడిగింది ఓబులమ్మ.

కనకసేనుడు ఆ పొద్దు గుంకకముందే దాటాడు. అతని వెనకే రాజూ దాటాడు, చెప్పులు లేని కాళ్ళతో, వెళ్ళగొట్టినవాళ్ళను వెతుక్కుంటూ. ముప్పై కుటుంబాలు తిరిగి వచ్చాయి. పొరుగు రాజ్యంలో ఒక చూరు కింద నాగులయ్య దొరికాడు. చేతిలో బిడ్డ లేదు. ఆ వాన జ్వరమే తీసుకుపోయింది.

రాజు గొలుసు చేతికిచ్చి, రమ్మని బతిమాలాడు. నాగులయ్య గొలుసును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ రోజు నేనూ ఇది బంగారమనే చెప్పాను ప్రభూ. మీరు నా ముఖం కూడా చూడలేదు," అన్నాడు.

నాగులయ్య వెంట రాలేదు. రాజు ఒక్కడే తల వంచుకుని తిరిగి వచ్చాడు. ఓబులమ్మను పరీక్షాధికారిని చేశాడు. ఆమె ముక్కున పుడకతో రోజూ సభకు వచ్చేది. ఎవరి నగ ముట్టుకోబోయినా, ముందు రాజు ఉంగరమే రాయి మీద గీసి చూపించేది.

బంగారాన్ని పరీక్షించేముందు, పరీక్షించే చేతిని పరీక్షించాలి.