ఏడు గుమ్మాల పందికొక్కు

మా వేరుశనగ చేను పక్కన పశువుల పాకలో ఒక పందికొక్కు ఉండేది. పందిపిల్లంత కాదు, పందంత! అది తవ్విన తవ్వుడుకి పాక మూరెడు పక్కకి జరిగింది. నేను చెప్పేది అబద్ధమైతే నా పళ్ళు రాలిపోవాలి. ఉన్నవి ఎలాగూ మూడే.

ఆ పాక మూల గంపలో చుక్కమ్మ అనే కోడి పదకొండు గుడ్లు పొదుగుతోంది. ఓ పూట నీళ్ళకని దిగి వచ్చేసరికి తొమ్మిదే ఉన్నాయి. గంప పక్కన కొత్త బొరియ!

"ఇంకెక్కడికైనా పోరాదటే?" అంది గేదె నల్లక్క.

"ఇంకో మూడు రోజుల్లో పిల్లలవుతాయి. ఇప్పుడు కదిలితే గుడ్లు చల్లారిపోవూ? నేను పోనక్కా, వాడే పోవాలి. రేపు నువ్వు పొట్ట పగిలేలా మేసి రా. వాడు తల బయట పెట్టిన చోటల్లా ఓసారి ఆగు, చాలు."

"మేయడమూ ఒక పనేనా!"

మర్నాడు నల్లక్క రెండెకరాల గడ్డి మేసి వచ్చింది.

చుక్కమ్మ గంపలోంచే కేకేసింది. "కొక్కు బావా, నీ ఇంటికి ఒకటే గుమ్మమట కదా! పిల్లి ఒకటే నవ్వు."

పందికొక్కు మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "ఒకటా? ఏడు మరదలా, ఏడు! పైపైన మట్టి కప్పి దాచాను. చూస్కో! గంప పక్కన ఒకటి!" మళ్ళీ లోపలికి దూరి కుడితి తొట్టి దగ్గర తేలింది. "రెండు!" గడ్డివాము కింద, "మూడు!"

వెనకాలే నల్లక్క. ప్రతి గుమ్మం దగ్గరా ఆగడం, తోకెత్తడం, బుట్టెడు పేడ వేసి కాలితో కసుక్కున తొక్కడం.

"ఏడోది కంచె అవతల! ఇప్పుడేమంటావ్?"

"అబ్బో! అయితే ఇంక లోపలికి రా బావా."

వచ్చింది. ఒకటో గుమ్మంలో తల పెడితే పేడ. రెండో దాంట్లో పేడ. ఆరూ అంతే. ఉక్కిరిబిక్కిరై కంచె అవతలే బయటపడింది, మీసం నుంచి తోక దాకా పేడే. అక్కడ కాచుకున్న పిల్లి నోరు తెరిచి, ముక్కు మూసుకుని, "ఛీ!" అని వెళ్ళిపోయింది.

"మళ్ళీ తవ్వుతాను!" అని అరిచింది పందికొక్కు.

"తవ్వు బావా, తవ్వు. మా అక్క రోజూ మేస్తూనే ఉంటుంది."

పందికొక్కు కంచె వైపు మళ్ళీ చూడలేదు. మూడో రోజు గంపలో తొమ్మిది పిల్లలు కిచకిచమన్నాయి.

గొప్ప కోసం దొంగదారులన్నీ చూపించుకున్నవాడికి దాక్కునే చోటు మిగలదు.