ఉప్పుకనుమ మీద ఎర్ర వెలుగు

మా గురువుగారు అచలానందులవారు ప్రశ్నకు జవాబు చెప్పగా నేను చూడలేదు. అడిగినవాడికి ఏదో ఒక పని చెప్పేవారు. ఆ పని పూర్తయ్యేసరికి వాడికి తన ప్రశ్న గుర్తుచేసుకోవడానికే మొహమాటంగా ఉండేది. ఆయన దగ్గర నేనున్నంతకాలం మరొకడు నిలవలేదు గనుక, ఈ సంగతి నేను చెబితేనే చెప్పినట్టు.

మేము మంచుకొండల్లో చంద్రశిల అనే చిన్న రాజ్యంలో ఉన్న రోజులవి. ఒక శీతాకాలం ఉదయాన ఆ రాజ్యపు కోశాధికారి జయశీలుడు ఆశ్రమానికి వచ్చాడు. ఆయనా గురువుగారి శిష్యుడే. వస్తూనే తలుపు మూశాడు, కిటికీ మూశాడు, ఆ తరువాత నావైపు చూశాడు.

"వాణ్ణి ఉండనీ నాయనా. వాడు చెప్పింది ఎవరూ నమ్మరు," అన్నారు గురువుగారు.

జయశీలుడు గొంతు తగ్గించాడు. నిరుడు రాజుగారు మేడమీద ఇంకో అంతస్తు వేయించారట. అక్కడ నిలబడితే, చలి ముదిరిన రోజుల్లో, పొద్దుగుంకే వేళ, ఉప్పుకనుమ అనే కొండదారికి పైన ఆకాశంలో ఒక ఎర్రని స్తంభం కనిపించేదట. మంట కాదు, పొగ కాదు, నిటారుగా నిలబడిన వెలుగు. పొరుగురాజు ఎవరికో సైగ చేస్తున్నాడని రాజుగారికి అనుమానం పుట్టింది. కనుమకు ఎదురుగా ఉన్న శిఖరం మీద రహస్యంగా కాపలా పెట్టమన్నారు.

"కాపలా అంటే మనుషులు, గుడారాలు, తిండి, కంబళ్ళు. కొత్త పద్దు రాస్తే గుమాస్తాలు సాయంత్రానికి ఊరంతా చెబుతారు. కనుమ మీది సత్రానికి ఏటా కట్టెలకని ఇచ్చే సొమ్ముంది చూడండి, అది తాతలనాటి పద్దు. ఎవరూ దాన్ని తిరిగి చూడరు. పేరు అలాగే ఉంచి సొమ్ము కాపలాకు మళ్ళించాను. సత్రానికి వంటకు సరిపడా కట్టెలు మాత్రం పంపుతున్నాను," అన్నాడు జయశీలుడు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కాస్త గర్వం కూడా తొంగిచూసింది.

"మరి ఆ వెలుగు?"

"కాపలా పెట్టిన నాటినుంచి ఒక్కసారి కూడా రాలేదు స్వామీ. అదే నా భయం. మన సంగతి వాళ్ళకు తెలిసిపోయింది. మనలోనే ఎవడో చెప్పాడు. పైగా మా తమ్ముడు ఉప్పు తేవడానికి కంచరగాడిదలతో కనుమ దాటి వెళ్ళాడు. రావలసిన రోజు దాటిపోయింది. వాణ్ణి పట్టుకున్నారేమో. కాపలా రెట్టింపు చేయనా? లేక కాపలావాళ్ళ మీదే ఇంకో కాపలా పెట్టనా?"

గురువుగారు లేచి కంబళి కప్పుకున్నారు. "తలా ఒక మోపు కట్టెలు ఎత్తుకోండి. కనుమ దాకా వెళ్దాం."

ఆ కనుమ ఎంత ఎత్తంటే, గద్దలు సగం దూరంలో వాలి ఆయాసం తీర్చుకునేవి. నేనెత్తుకున్న మోపులో అడవి సగం ఉంది. దాని నీడ పడి వెనక లోయలో కోళ్ళు గూళ్ళకు చేరాయి. "నువ్వు మోసేది కట్టెలేనా, మాటలు కూడానా?" అన్నారు గురువుగారు. రెండూ మోసినవాణ్ణి ఆ దారి అంతకుముందు చూసి ఉండదు.

దారిలో జయశీలుడు ఎదుటి శిఖరం చూపించాడు. "మావాళ్ళు అక్కడే ఉన్నారు. వెలుగు కనబడగానే మూడుసార్లు కొమ్ము ఊదమన్నాను." ఇంతవరకూ ఆ కొమ్ము మోగలేదు.

పొద్దుగుంకేసరికి పైకి చేరాం. సత్రం ఒక పెద్ద బండ చాటున ఉంది. మేడమీద ఎన్ని అంతస్తులు వేసినా రాజుగారికి కనబడదు, ఎదుటి శిఖరం మీది కాపలావాళ్ళకూ కనబడదు. దాన్ని చూసుకునే తారిణి అవ్వ మా మొహాలు చూడలేదు, మోపులు చూసింది.

"ఈవిడ ఎవరి మనిషో స్వామీ. కొత్తవాళ్ళను చూసి బెదరలేదు," అని గొణిగాడు జయశీలుడు.

"ఏంటి బాబూ, గట్టిగా చెప్పు," అంది అవ్వ. ఆమెకు చెవుడు. చెప్పేదాకా ఆగకుండా, కట్టెలన్నీ వాకిట్లో ఉన్న రాళ్ళగుంటలోకి ఈడ్చింది.

"లోపల వేసుకో అవ్వా, చలి," అని అరిచాను.

"లోపలిది నా ఒక్కదానికి. బయటిది దారి తప్పినవాళ్ళకి. ఈ ఏడు బయటి మంటకు కట్టెలు రాలేదు. అవతలి గుహల్లో ఎవరు చిక్కుకున్నారో ఏమో," అంటూ నిప్పు పెట్టింది.

అంత మంటను నేను లంకాదహనంలో కూడా ఊహించలేదు. గాలి నిండా మంచుపొడి, మిణుకుమిణుకుమంటూ. మంట పక్కనే నిలబడిన మాకు మాత్రం తలెత్తితే మసక చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

అప్పుడు ఎదుటి శిఖరం మీద కొమ్ము మోగింది. మూడుసార్లు.

జయశీలుడు బాకు దూసి గిర్రున తిరిగాడు. శత్రువు కోసం అన్ని వైపులా చూశాడు. మంచు, బండ, గురువుగారు, నేను, మంట ఎగదోస్తున్న అవ్వ. కొమ్ము మళ్ళీ మూడుసార్లు మోగింది. ఆయన మంటవైపు చూశాడు. తాను మోసుకొచ్చిన కట్టెలవైపు చూశాడు. బాకు మెల్లగా ఒరలోకి వెళ్ళింది.

కాసేపటికి అవతలి వాలు నుంచి కంచరగాడిదల గంటలు వినిపించాయి. ముందు నడుస్తున్నవాడి మీసాలు గడ్డకట్టి ఉన్నాయి. "అన్నయ్యా, నువ్విక్కడేం చేస్తున్నావ్? రోజూ వెలుగు కోసం చూస్తూ గుహలోనే కూర్చున్నాం. ఇవాళ మంట వెలుగు మంచుపొడి మీద పడి, ఆకాశంలో ఎర్రగా స్తంభంలా కనబడింది, బయలుదేరాం," అన్నాడు. జయశీలుడు తమ్ముణ్ణి పట్టుకుని చాలాసేపు వదలలేదు.

తరువాత గురువుగారి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "స్వామీ, శత్రువు మళ్ళీ వచ్చాడని మావాళ్ళు ఈపాటికి కోటకు పరుగెత్తుతుంటారు. రాజుగారికి ఏం చెప్పను?"

గురువుగారు అరచేతులు కాచుకుంటున్నారు. "అది తరువాత. ఈ చలికాలం గడవడానికి ఎన్ని మోపులు కావాలో ముందు అవ్వను అడుగు."

జయశీలుడు అలవాటు కొద్దీ అటూ ఇటూ చూసి, అవ్వ చెవి దగ్గర వంగి గుసగుసగా అడిగాడు.

"ఏంటి బాబూ?" అంది అవ్వ.

గురువుగారు మంట మీంచి కళ్ళు తిప్పలేదు. "గట్టిగా అడగాలి నాయనా."