ఏడ్చినా వదలకు

మరుళయ్య స్వామి మఠంలో శంభులింగానికి ఉన్న కష్టం ఒకటే. తనకు వైద్యం వచ్చు. ఆ సంగతి గురువు ఒప్పుకోడు.

వచ్చు అంటే అలా ఇలా కాదు. గోదావరి ఒడ్డున మేనమామ దగ్గర గ్రంథాలన్నీ వల్లెవేసి వచ్చినవాడు. జ్వరమంటే జ్వరం మీద శ్లోకం, దగ్గంటే దగ్గు మీద శ్లోకం. ఎదురుగా ఎవరైనా తుమ్మినా సరే, ఒక శ్లోకం వినకుండా పోవడానికి వీల్లేదు. అంత సరుకు నెత్తిన పెట్టుకుని పెన్న ఒడ్డున ఈ రాళ్ళ సీమకు వస్తే, మఠం అరుగు మీద కూర్చుని వచ్చేపోయే రోగుల మాటలు వినడమే పనైపోయింది. మందు నూరేది గురువు. ఇచ్చేదీ గురువే. శంభులింగం వినాలి, అంతే.

ఇంకా ఎన్నాళ్ళు వినాలి స్వామీ అని ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"వినపడేదాకా" అన్నాడు మరుళయ్య.

శంభులింగానికి ఒళ్ళు మండింది. తన చెవులకేమొచ్చింది? చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అన్నారా అనుకున్నాడు. వినేవాడి వరసలో తనున్నాడు కాబట్టి ఆ సామెత అతనికి భలే నచ్చింది.

ఒక పొద్దున ఏటి అవతలి ఊళ్ళో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని కబురొస్తే గురువు బయలుదేరాడు. ఎవరైనా వస్తే కూర్చోబెట్టు, నేనొచ్చి చూస్తాను అని చెప్పి మరీ వెళ్ళాడు.

వచ్చింది గంగులమ్మ. గొర్రెలు కాచుకునే ఇంటి కోడలు. చంకలో ఎనిమిది నెలల ఆడపిల్ల. పిల్ల పేరు పెంటమ్మ. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని దీన్ని పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తీసుకుని, ఆ పేరు పెట్టారు. చావుకు కూడా రోతపుట్టి వదిలేసి పోతుందని మనవాళ్ళ ఆశ. గంగులమ్మ ఆ పిల్లను పట్టుకున్న తీరు చూస్తే, గాలికి కూడా ఇవ్వదల్చుకోలేదని తెలుస్తుంది.

తిండి అలవాటు చేసిన దగ్గర్నుంచీ బిడ్డకు కడుపు కట్టేసిందని చెప్పుకుంది. ముక్కి ముక్కి ఎర్రబడిపోతోందట. వస్తే మేక పెంటికల్లాగా రెండు రాలుతున్నాయట, లేకపోతే అదీ లేదట. ఇంకా ఏదో చెప్పబోయింది.

శంభులింగం చెయ్యెత్తి ఆపాడు. దీన్ని మలబద్ధకం అంటారు, దీనికి శ్లోకం ఉంది అన్నాడు. ఉన్న శ్లోకాన్ని రాగం తీసి చదివాడు. గంగులమ్మ దేవుడి మంత్రమేమోనని చేతులు జోడించి నిలబడింది. బిడ్డను పడుకోబెట్టమని అతను అనలేదు. పొట్ట మీద చెయ్యి వేయలేదు. ఏం పెడుతున్నావమ్మా అని ఒక్క మాట అడగలేదు. శ్లోకం పూర్తయ్యాక మందు చెప్పాడు.

"రెండు పూటలా ఉగ్గు పట్టు. నోరు తెరవకపోతే ముక్కు మూసి పట్టు. ఏడ్చినా వదలకు."

గంగులమ్మ దండం పెట్టి వెళ్ళిపోయింది.

గురువు తిరిగొచ్చాక ఈ సంగతి చెప్పాడా అంటే, లేదు. బిడ్డ జబ్బు నయమై నవ్వుతూ వచ్చినప్పుడు చెబుదాం, అప్పుడు చూడాలి పెద్దాయన ముఖం అని దాచుకున్నాడు. ఆ నాలుగు రోజులూ అతను అరుగు మీద కూర్చున్న ధోరణే వేరు.

గంగులమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట అత్త ఎర్రక్క కూడా ఉంది. మరుళయ్య అరుగు మీదే ఉన్నాడు. సరైన సమయానికే వచ్చారనుకుని శంభులింగం నవ్వుతూ ఎదురెళ్ళాడు. వెళ్ళి, పైట చాటున ఉన్న పిల్లను చూసి, అక్కడే కొయ్యబారిపోయాడు.

పొట్ట బిగదీసిన డప్పులా ఉంది. కళ్ళ కింద ఉబ్బిపోయింది. మూతి చుట్టూ, గడ్డం కింద ఎర్రటి దద్దుర్లు. ఏడ్చే ఓపిక కూడా లేదు, సన్నగా మూలుగుతోంది.

ఇదేమిటి అన్నాడు. 

గంగులమ్మ భయపడింది. తనే ఏదో తక్కువ చేసిందని కోప్పడతాడేమోనని గబగబా చెప్పేసింది. "మీరు చెప్పినట్టే చేస్తి సామీ. రెండు పూటలా పడితి. ముక్కు మూసి పడితి. ఎంత ఏడ్చినా వదల్లా."

మరుళయ్య శిష్యుడి వైపు ఒకసారి చూశాడు. తర్వాత గంగులమ్మను అడిగాడు, ఏం పట్టావమ్మా అని.

"ఉగ్గు సామీ."

ఎర్రక్క మూట విప్పి చూపించింది. దోరగా వేయించి, తిరగట్లో విసిరిన పిండి. బియ్యం, రాగులు, పెసరపప్పు, కందిపప్పు, వేరుశెనగ విత్తులు, నువ్వులు, ఇంట్లో బలమైనది ఏదుంటే అది వేశానని ఆమె గొప్పగా చెప్పింది. గరిటె నిలబడేంత చిక్కగా కాచి పెడుతున్నారట. స్వామి చెప్పారని ఈ నాలుగు రోజులూ ఇంకాస్త చిక్కగా, ఇంకాస్త ఎక్కువగా పట్టారట.

అప్పుడు తెలిసింది శంభులింగానికి. అతని ఇంట్లో ఉగ్గంటే ఒకటే. తల్లిపాలలో రంగరించిన ఆముదం. అమ్మమ్మ నోట విన్నదదే, పుస్తకంలో చదివిందదే. ఈ ఊళ్ళో ఉగ్గంటే ఈ పిండితో కాచిన జావ. ఏది తిని బిడ్డ కడుపు బిగుసుకుపోయిందో, దాన్నే ముక్కు మూసి పట్టమన్నాడు తను. ఏడ్చినా వదలొద్దన్నాడు. ఆ తల్లి వదల్లేదు.

అంత తెలిశాక మనిషన్నవాడు ఏమనాలి? శంభులింగం ఏమన్నాడో వినండి. "నేను చెప్పింది ఆముదం స్వామీ. ఉగ్గంటే ఏమిటో ఈమెకు తెలీదు."

గంగులమ్మ తల దించుకుంది. మాకు ఏం తెలుసు సామీ, తప్పే అయింది అని గొణిగింది.

మరుళయ్య లేచాడు. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నోరు తెరువు అన్నాడు శిష్యుడితో. పుక్కిలి నిండా పోశాడు.

"మింగొద్దు. ఊయొద్దు. నేను చెప్పేదాకా బిడ్డ పక్కన కూర్చో."

బుగ్గలు ఉబ్బించుకుని శంభులింగం పిల్ల పక్కన కూర్చున్నాడు. ఎర్రక్కకు ఇది ఏ వైద్యమో అర్థం కాలేదు. బిడ్డకు జబ్బు చేస్తే ఈ పెద్దవాడి నోట్లో నీళ్ళెందుకని కోడలి చెవిలో అడిగింది.

మరుళయ్య ముందు బిడ్డ ఛాతీ మీద చెవి పెట్టి ఊపిరి ఎలా ఆడుతోందో చాలాసేపు విన్నాడు. పెదవులు, నాలుక చూశాడు. ఆ తర్వాత గానీ ఆయన ముఖం కొంచెం తేలికపడలేదు. బిడ్డను తల్లి ఒళ్ళోనే పడుకోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో నడుం కింద కాపడం పెట్టాడు. అరచేతికి నూనె రాసుకుని బొడ్డు చుట్టూ మెల్లగా గుండ్రంగా నిమిరాడు. ఇప్పటికి నీ పాలు తప్ప ఇంకేమీ వద్దని గంగులమ్మకు చెప్పి, కాపడానికి ఇంకొన్ని నీళ్ళు కాచడానికి లోపలికెళ్ళాడు.

పాలు కుడిచి బిడ్డ కాస్త సద్దుమణిగింది. శంభులింగానికి చూడ్డం తప్ప చేయడానికేమీ లేదు. నోరుంటే ఈపాటికి రెండు శ్లోకాలైనా అయిపోయేవి. చూస్తే, ఆ పిల్ల ఊరికే లేదు. కాళ్ళు పొట్టలోకి ముడుస్తోంది, అంటే నొప్పి వచ్చినట్టు. వదిలేస్తోంది, అంటే తగ్గినట్టు. మళ్ళీ ముడవబోయే ముందు కనుబొమలు దగ్గరికొస్తున్నాయి. ఎవరూ వినకపోయినా అది చెబుతూనే ఉంది.

ఎర్రక్క మాత్రం ఊరుకోలేకపోయింది. ఇద్దరిని పోగొట్టుకున్న ఇల్లు, పాపం ఆమెను మాత్రం ఏమనగలం? ఉత్త పాలతో బిడ్డకు బలమెట్లా వస్తుందని, స్వామి లోపలుండగానే పొద్దున కాచి తెచ్చిన జావ గిన్నె మూటలోంచి తీసింది. వేలితో కాస్త తీసి బిడ్డ మూతి దగ్గర పెట్టింది.

పిల్ల పెదవులు బిగించింది. ముఖం అటు తిప్పుకుంది. ఎర్రక్క వేలు ఎటు వస్తే దానికి అవతలి వైపుకు తిప్పుకుంది. ఈ నాలుగు రోజులూ రెండు పూటలా ఇలాగే తిప్పుకుని ఉంటుంది. అప్పుడు ముక్కు మూశారు. ఎవరు చెబితే మూశారో శంభులింగానికి తెలుసు.

పెనుగులాటలో జావ చెంప మీద అంటింది. ఎర్రక్క తుడిచేసింది. అతను అటే చూస్తున్నాడు. జావ అంటిన చోట చర్మం ముందు గులాబీ రంగైంది. చూస్తుండగానే ఎర్రబడి, దోమ కుట్టినట్టు లేచి, దద్దురై కూర్చుంది. సరిగ్గా జావ అంటినంత మేరే.

శంభులింగం ముందుకు వంగాడు. వద్దు అని అరవబోయాడు. నోట్లో నీళ్ళు. చేతులూపాడు, ఎర్రక్క చూడలేదు. ఆమె రెండో చేత్తో పిల్ల ముక్కు పట్టుకోబోతోంది. చెప్పాలని ఉంది, చెప్పే నోరు లేదు. ఆ పిల్ల కళ్ళు తిప్పి అతని వైపు చూసింది. ఇద్దరిదీ ఒకటే అవస్థ.

అరచెయ్యి తీసుకెళ్ళి బిడ్డ నోటికీ ఎర్రక్క వేలికీ మధ్య పెట్టేశాడు. జావ అతని చేతికి అంటింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నోట్లో నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

నీళ్ళ గిన్నెతో గడపలో నిలబడి ఉన్నాడు మరుళయ్య. ఎప్పటినుంచి ఉన్నాడో తెలీదు.

"ఊసెయ్" అన్నాడు.

శంభులింగం బయటికెళ్ళి ఊసి వచ్చాడు.  బిడ్డ చెంప మీది దద్దురును వేలితో చూపించాడు. గురువు చూసి తల ఊపాడు. జావ గిన్నె తీసి అవతల పెట్టించాడు.

ఈ పిండిలో ఇన్ని ఉన్నాయి కదమ్మా, ఇందులో బిడ్డకు పడనిది ఏదో చెప్పు అని ఎర్రక్కను అడిగాడు. ఆమె పిండి మూట వైపు చూసింది, కోడలి వైపు చూసింది. అన్నీ మంచివే గదా సామీ అంది. ఏది అని మాత్రం చెప్పలేకపోయింది.

ఆ రాత్రికి వాళ్ళను మఠంలోనే ఉంచేశారు. మర్నాడు పొద్దున, గురువు చూపించినట్టు శంభులింగం పిల్లను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, రెండు కాళ్ళూ పట్టుకుని, ఒకటి ముడిచి ఒకటి చాపి ఆడిస్తున్నాడు. పిల్ల ముక్కింది. ఎర్రబడింది. గట్టిగా ఒక్క కేక పెట్టింది. అతను బెదిరిపోయి కాళ్ళు వదిలేశాడు. అంతే, నాలుగు రోజులదీ ఒకేసారి అతని పంచె పాలైంది.

శంభులింగం నిర్ఘాంతపోయి అలాగే కూర్చున్నాడు. ఎర్రక్క రెండు చేతులతో మొక్కింది. గంగులమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలీదు. పిల్ల మాత్రం హాయిగా నిద్రపోయింది, ఆ పంచె మీదే.

తర్వాత గంగులమ్మ కొన్ని వారాలు మఠం దగ్గరే ఉంది. దద్దుర్లు మొత్తం పోయాక పల్చటి బియ్యం జావతో మొదలుపెట్టారు. అది ఒకటే, కొన్నాళ్ళు. పడిందని తేలాక పెసరకట్టు. ఆ తర్వాత రాగి. ఒకటి కుదురుకున్నాకే ఇంకొకటి, అదీ జారుగా, అదీ బిడ్డ నోరు తెరిస్తేనే. తిప్పుకుంటే గిన్నె పక్కన పెట్టేయడం. కందిపప్పు, నువ్వులు కూడా ఏమీ చేయలేదు. చివరికి మిగిలింది వేరుశెనగ ఒక్కటే. దాన్ని పెట్టి చూడాల్సిన పనేమీ లేదు, ఆ ఛాయలకు పోనివ్వొద్దు అని చెప్పాడు గురువు. ఈ పనంతా శంభులింగం చేతే చేయించాడు. ఆ వారాల్లో అతని నోట ఒక్క శ్లోకం విన్నవాళ్ళు లేరు.

వెళ్ళే రోజున గంగులమ్మ బిడ్డను ఎత్తుకుని శంభులింగం ముందుకొచ్చింది. వంగి అతని కాళ్ళకు దండం పెట్టబోయింది. అతను నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు.

"మీరు చెప్పినట్టే చేస్తాం సామీ" అంది ఆమె. "మీ మాట తప్పం."

కోప్పడి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆమె ముఖంలో ఎక్కడా కోపం లేదు. ఇప్పుడు కూడా అతనేది చెబితే అది చేయడానికి సిద్ధంగా నిలబడి ఉంది.  వాళ్ళు గుట్ట మలుపు తిరిగేదాకా అతను అక్కడినుంచి కదల్లేకపోయాడు.

ఆ సాయంత్రం గురువు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మఠం నుంచి పొమ్మంటే పోతానన్నాడు. జీవితాంతం మాట్లాడొద్దంటే మాట్లాడనన్నాడు. ఏదో ఒకటి వేయకపోతే తనకు నిద్ర పట్టదన్నాడు.

"నాకేదైనా శిక్ష వేయండి స్వామీ."

మరుళయ్య మందు నూరుతున్న చెయ్యి ఆపాడు.

"నీ శిక్ష నీ బదులు ఆ పసిదే అనుభవించి వెళ్ళింది అబ్బీ. ఇంక నీకేం మిగల్లేదు."