పెళ్లిపందిట్లో మంగతాయి గిటారు

అనగనగా ఒక అడవి. అడవికి ఒక సింహరాజు. రాజుకి ఒక కూతురు, కూతురికి పెళ్లి. ఆడపిల్ల తండ్రికి ఉండే కంగారు మనుషులకే అనుకోకండి. ఆ వారమంతా రాజు వేట మానేసి పందిరి గుంజలు ఊపి చూసుకుంటూ తిరిగాడు.

ఆ అడవికి ఉన్నది ఒకటే మేళం. డ్రమ్ము ఏనుగు తాతది. మెల్లగా కొట్టడం ఆయన వంశంలో లేదు. కీబోర్డు ఎలుగు మామది. వేళ్లున్నాయి కదా అని అన్నీ వాడేవాడు. లీడు గిటారు మంగతాయి అనే ముంగిసది. కరెంటు మిణుగురులు ఇచ్చాయి. ఎందుకిచ్చాయో నాకు తెలియదు. తెలిస్తే దాచుకునే నోరు కాదు నాది.

రాజు సాధన వినడానికి వచ్చాడు. పాట అయ్యాక అడిగాడు.

"గిటారు ఎప్పుడు మొదలుపెడతావమ్మా?"

"అయిపోయింది మహారాజా."

అందరూ నిర్ఘాంతపోయారు.

"పెళ్లినాడూ ఇలాగే వినబడకపోతే నీ చోటు నక్కకిస్తాను. నువ్వెళ్లి పాములు పట్టుకో," అన్నాడు రాజు.

మంగతాయి గిటారు చాటుకి జరిగింది. పామును చూస్తే మూర్ఛపోయే ముంగిస లోకంలో అదొక్కతే. గిటారు చాటున ఆ గుట్టు ఇన్నాళ్లూ దాగింది. నేనైతే నలుగురైదుగురికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మరునాడు మంగతాయి సౌండు పూర్తిగా పెంచేసింది. తన డ్రమ్ము తనకే వినబడక ఏనుగు ఇంకా గట్టిగా బాదాడు. ఎలుగు కూడా పెంచాడు. ఆ మోతకి కాకి గూడు కిందపడింది. కాకికి నోట మాట రాలేదు. అలా జరగడం అదే మొదటిసారి. గిటారు మాత్రం ఎవరికీ వినబడలేదు.

ఆ తరువాత మంగతాయి తన బొరియలో కూర్చుని గిటారు గొంతుకి సొగసులు దిద్దింది. బేస్ పెంచి కింది స్వరాలు లావు చేసింది, ఎకో పెట్టి మారుమోగించింది. తీగ మీటితే నాదం బొరియంతా పాకంలా నిండిపోయింది. తన వాయింపుకి తనే కన్నీళ్లు పెట్టుకుంది. కళాకారులకిది మామూలే. తీరా మేళంలోకొస్తే ఆ బేస్‌ను డ్రమ్ము మింగేసింది, మిగిలిందాన్ని కీబోర్డు కప్పేసింది. రాజు నక్క వైపు చూశాడు. నక్క అప్పటికే కోటు కుట్టించుకున్నాడు.

మంగతాయి వాయించడం ఆపేసింది. ఆపినట్టు మేళంలో ఎవరికీ తెలియలేదు.

అప్పుడు విన్నది. అంత మోతలోనూ ఎండుటాకు కింద కీచురాయి పాట స్పష్టంగా వినబడుతోంది. మంగతాయి బిత్తరపోయి ఆకు ఎత్తింది.

"ఏం తిని అంత గట్టిగా అరుస్తున్నావు తమ్ముడూ?"

"గట్టిగా ఎక్కడక్కా? కింది స్వరాల్లో ఏనుగు తాత ఉన్నాడు. వాటి పైస్వరాల్లో ఎలుగు మామ పరుచుకుని కూర్చున్నాడు. నేను ఎవరూ లేని చోట పాడుకుంటున్నాను."

మంగతాయి ఇంటికెళ్లి గిటారులో బేస్ తగ్గించింది. ఎకో తీసేసింది. నడిమి స్వరాన్ని మాత్రం కాస్త పైకి తెచ్చింది. పెళ్లినాడు పొద్దున్నే ఎలుగు దగ్గరికి వెళ్లింది.

"మామా, నా వంతు వచ్చినప్పుడు నీ కుడిచెయ్యి కీబోర్డు మీంచి తీస్తావా?"

"తీసి ఏం చెయ్యను?"

"తేనె తాగు."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు ఎలుగు.

పందిట్లో మంగతాయి ముందుగా ఒక్క తీగ మీటి చూసుకుంది. జలుబు చేసిన బాతు తుమ్మినట్టుంది. పెళ్లివారు దిమ్మెరపోయారు. "ఇదేనా మీరు చెప్పిన గొప్ప మేళం?" అంది వియ్యపురాలు. రాజు ముఖం పాలిపోయింది.

డ్రమ్ము మోగింది. కీబోర్డు అందుకుంది. ఎలుగు కుడిచెయ్యి తేనెపట్టు మీదికి వెళ్లింది. ఆ సందులోంచి గిటారు బయటికి వచ్చింది. అదే బాతు గొంతు, ఇప్పుడు గుడ్డలోంచి సూది దూసుకొచ్చినట్టు వచ్చింది. ప్రతి స్వరమూ చివరి వరస దాకా విడివిడిగా వినబడింది. అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. మొసలిది అంతకుముందే తెరిచి ఉంది.

"ఇంత గట్టిగా ఎలా వాయించావమ్మా?" అన్నాడు రాజు.

"నిన్నటికంటే తగ్గించాను మహారాజా. తాత చోటు తాతకి వదిలేశాను. మామని కొంచెం జరగమన్నాను. మధ్యలో నాకూ చోటు దొరికింది."

అందరికంటే ఎక్కువ నిర్ఘాంతపోయింది ఏనుగు.

"అంటే, ఇన్నాళ్లూ నువ్వు కూడా వాయిస్తున్నావా?"

మంగతాయి చోటు మంగతాయికే ఉండిపోయింది. నక్క ఆ కోటుతోనే భోజనాల దగ్గర సాంబారు వడ్డించాడు. పాముల పంక్తి వచ్చినప్పుడు మంగతాయి తల పైకెత్తి పందిరి తోరణాలు చూస్తూ నిలబడింది.

పదిమందిలో అరిచే గొంతు మునిగిపోతుంది. ఎవరి చోటు వారికి వదిలి పాడే గొంతే పైకి తేలుతుంది.