ఊరగాయ తలుపు

చేతిలో ఉలి లేనిదే సర్వేశ్వరాచారి నోట మంచిమాట రాదని శిష్యులు చాటున నవ్వుకునేవారు. వడ్రంగం ఆయన కులవృత్తి, తత్త్వం చెప్పడం ఆయన ఇష్టం, రెండూ ఒకే అరుగు మీద సాగేవి. అందుకే తిరుపాలు బట్టల మూట చంకన పెట్టుకుని సెలవడగడానికి వచ్చినప్పుడు కూడా ఆయన గడపమాను చెక్కుతూనే ఉన్నాడు.

"సామీ, కోపం చావనోడు మీ దగ్గర ఉండచ్చా?" అని అడిగాడు తిరుపాలు.

ఉపదేశం తీసుకున్ననాడు ఇక కోపగించుకోనని మాటిచ్చినవాడతను. ఆ పొద్దున సంతలో ఆ మాట తప్పానని అతని బాధ. దానికి కారణం ఒక తలుపు.

ఊరి విత్తనాల కొట్టుకు తలుపు కావాలంటే ఆచారి వేపచెక్కలు కోసి, ఎండబెట్టి, పటికా వెలిగారమూ కలిపిన నీళ్ళలో రాతితొట్టిలో నానేశాడు. ఆ ఉప్పులు చెక్క లోలోపలికి ఇంకేదాకా ఎవరెంత తొందరపెట్టినా బయటికి తీయలేదు. మళ్ళీ ఆరబెట్టి తలుపు బిగించేసరికి అది వేలితో కొడితే రాయిలా పలికింది, చెదలు దాని జోలికే రాలేదు. తొట్టికి నీళ్ళు మోసిన తిరుపాలుకు ఆ తలుపంటే ప్రాణం. ఊళ్ళో పెద్దరైతొకడు మాత్రం దానికి ఊరగాయ తలుపని పేరుపెట్టాడు, ఊరంతా అదే పట్టుకుంది.

"మామిడికాయలు దొరకలేదనా మీ సామి వేపచెక్క ఊరేసింది?" అన్నాడట సంతలో మిరపకాయల బేరగాడొకడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారట.

"నువ్వేమన్నావు?" ఆచారి తలెత్తకుండానే అడిగాడు.

"ఏమీ అనలేదు సామీ, ఇంటిదోవ పట్టినా. కానీ లోపల కోపం భగ్గుమనింది. ఇన్నేండ్లు మీ కాళ్ళకాడ కూచున్నదంతా దండగైపాయ. మా ఊరికి పోతా."

ఆచారి జవాబు చెప్పేలోగా వీధిలో కేకలు లేచాయి. విత్తనాల కొట్టు ముందున్న గడ్డివామి అంటుకుంది!

తిరుపాలు మూట అక్కడే పడేసి పరుగెత్తాడు. కొట్టుకు గోడలు రాతివి, కప్పు నాపరాళ్ళది. కాలిపోయేదంటూ ఉంటే ఆ తలుపొక్కటే. లోపల ఊరందరి వేరుశనగ విత్తనం ఉంది. అది బూడిదైతే ఆ ఏడు ఒక్క చేనూ విత్తేది లేదు. గాలి మంటను తెచ్చి తెచ్చి తలుపు మీదే కుమ్మరిస్తోంది. దగ్గరికి పోలేక జనం దూరం నుంచే కడవలతో నీళ్ళు విసిరారు. తిరుపాలు అరుస్తూ, ఏడుస్తూ, అరచేతులు బొబ్బలెక్కుతున్నా నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు.

చివరికి వామి కుప్పకూలి చల్లారింది. తలుపు పైనుంచి కిందిదాకా బొగ్గులా నల్లబడి ఉంది.

"ఇదీ కాలిపాయ సామీ," అన్నాడు, అప్పుడే వచ్చిన గురువుతో.

చేతులకు తడిగుడ్డ చుట్టుకుని ఇద్దరూ తలుపు నెట్టారు. ఎప్పటి బరువుతో, ఎప్పటిలాగే అది నిదానంగా తెరుచుకుంది. లోపల మూటలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. తలుపు లోపలి వైపు చిత్రిక పట్టిన గీతలు కూడా చెదరలేదు. ఆడవాళ్ళు గింజలు దోసిళ్ళతో తీసి చూసుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశారు. ఊరగాయ అని పేరుపెట్టిన పెద్దరైతే వచ్చి తలుపుకు చేతులెత్తి మొక్కాడు. ఏ పొగడ్తా ఆ మొక్కుకు సాటిరాదు.

ఆచారి ఉలి తీసి తలుపు మీద ఒకచోట గీకాడు. నలుపు పైపైనే ఉంది. దాని కింద ఉప్పులు ఇంకిన వేపచెక్క మంట తగలక నిన్న కోసినట్టు మెరిసింది.

"ఇది కాలిందంటావా?"

తిరుపాలు ఆ గీత మీద బొబ్బలెక్కిన చెయ్యి పెట్టి రుద్ది చూశాడు. "రేపు ఈ నలుపంతా గీకి నూనె పట్టిస్తా సామీ. కొత్తదాని మాదిరి అయితాది," అన్నాడు.

"వద్దు, ఉండనీరా," అన్నాడు ఆచారి. "నలుపు లేకపోతే మంట దీని దాకా రానేలేదనుకుంటారు."