మొట్టికాయల మిట్ట మహిమ

పూర్వం చిత్రవేణీ నదికి దక్షిణపు గట్టున వెలసిన శాంభవీపురమనే పట్టణాన్ని జయకేతన మహారాజు ధర్మం తప్పకుండా పాలిస్తూ ఉండేవాడు. ఆయన ధర్మానికి వంక పెట్టేందుకు నోరు రాదు గాని, ఒక్క విషయంలో మాత్రం ఆ మహానుభావుడు పొరబడ్డాడని పెద్దలు ఒప్పుకున్నారు, మనమూ ఒప్పుకుందాం. రాజైనంత మాత్రాన దుఃఖం మనిషిని తప్పుదారి పట్టించకుండా ఉంటుందా? ఆయన పట్టమహిషి మృణాళినీదేవి గలగలా నవ్వే ఇల్లాలు. ఆ తల్లి మూడు రోజుల జ్వరంతో శివసాయుజ్యం పొందగా, చితి ఆరకముందే రాజు దండోరా వేయించాడు: ఇకమీదట ఈ పట్టణంలో ఎవరూ నవ్వరాదు, నవ్వినవారు ఆనాటి పొద్దు గూకేలోగా ఏరు దాటి వెళ్ళిపోవాలి, మళ్ళీ ఈ గడ్డ తొక్కరాదు.

ఎన్నాళ్ళపాటు అన్నది ఆయనా చెప్పలేదు, అడిగే గుండె ఎవరికీ లేకపోయింది. అలా ఏడేళ్ళు గడిచాయి. పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళ వేళాకోళాలు ఆగిపోయాయి, బావామరదళ్ళ సరసాలు పెదవి దాటడం మానేశాయి, ఆస్థాన విదూషకుడు మూటాముల్లె సర్దుకొని పొరుగు రాజ్యంలో ఏదో సత్రంలో వంటకు కుదిరాడు. ఉయ్యాలలో పసిబిడ్డ కిలకిలమంటే తల్లి వీధివైపు చూసి బిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టేది. అయ్యో రామా, అదేం బతుకో!

ఆ పట్టణానికి తూర్పున ఎర్రమట్టి మిట్ట కింద ఓబన్న అనే కుమ్మరి కాపురముండేవాడు. పుట్టి బుద్ధెరిగాక అతగాడు ఒక్క హాస్యపు మాట ఆడిన పాపాన పోలేదు. కుండను వేలి కణుపుతో మొట్టి, మోతను బట్టి అది కాలిందో లేదో చెప్పడం కుమ్మరులందరికీ ఉన్న విద్యే. ఓబన్నకు మాత్రం అది విద్య దాటి వ్యసనమైపోయింది. గుమ్మడికాయ కనిపిస్తే మొట్టేవాడు, మంచంకోడు కనిపిస్తే మొట్టేవాడు, ఒకనాడు భిక్షకొచ్చిన సన్యాసి కమండలాన్ని మొట్టి, "దీనికి నెర్రె ఉంది స్వామీ" అని తేల్చి చెప్పిన ఘనుడు. అతని భార్య రావులమ్మకు ఈ మనిషిని చూస్తేనే నవ్వు. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె ఎందుకు నవ్వుతోందో ఓబన్నకు ఒక్కనాడూ బోధపడలేదు గాని, ఆ నవ్వు వినబడితే చాలు, సారె చులాగ్గా తిరిగినట్టు, మట్టి చెప్పినట్టు విన్నట్టు ఉండేది.

ఆజ్ఞ వచ్చినప్పటి నుంచీ రావులమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. నవ్వు ఆగనప్పుడు పెద్ద బానలోకి తల దూర్చి, కడుపారా నవ్వి, కొంగుతో మొహం తుడుచుకొని బయటికి వచ్చేది. నవ్వంతా బాన అడుగున పడి ఉండేది. ఏడేళ్ళు ఏ ఆపదా లేకుండా గడిచింది. అయితే రాణిగారి ఏడో ఆబ్దికానికి నూటొక్క కుండలు కోటకు చేర్చవలసిన నాటి ఉదయం, కుండలు సర్దుతూ సర్దుతూ ఓబన్న తన మోకాలిని తానే మొట్టి చూసుకొని, "ఇదిక ఎక్కువ కాలం రాదే" అన్నాడు ఎంతో గంభీరంగా. పాపం రావులమ్మ గబగబా దగ్గరున్న బానలో తల పెట్టింది. కుమ్మరి ఇళ్ళలో బానకు ముందు గోడలే లేస్తాయి, అడుగు తరువాత సలప అనే చెక్కతో కొట్టి మూస్తారు. తొందరలో ఆమె తల పెట్టింది ఇంకా అడుగు మూయని బానలో. ఆ నవ్వు ఈ మూతిన దూరి ఆ మూతిన కొమ్ముబూర ఊదినట్టు వీధిలోకి వెళ్ళింది. వీధిలో తలారి ఉన్నాడు.

తలారి చెడ్డవాడేమీ కాదు. "ఎంత పని చేశావే పిన్నీ! నలుగురూ విన్నారు, నేనేం చేసేది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఆమెను కోటకు తీసుకుపోయాడు. పొద్దు వాలేలోగా పడవ ఎక్కించాలి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్న సామెత ఎన్నడో విన్నదే అయినా, అది తన సంసారానికే తగులుతుందని ఓబన్న అనుకోలేదు. కుండలు బండికెత్తుకొని వెనకే నడిచాడు. రాజు కాళ్ళ మీద పడి ఏమని అడగాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాడు గాని, సభలో అడుగుపెట్టగానే అదంతా మరిచిపోయాడు. ద్వారం దగ్గర ఇద్దరు భటుల నడుమ రావులమ్మ నిలబడి ఉంది. ఆమె మొహంలో నవ్వు లేకపోవడం అతను జన్మలో మొదటిసారి చూశాడు.

ఆబ్దికపు కుండలను సభలోనే పరీక్షించి పుచ్చుకోవడం ఆనాటి ఆచారం. మహామంత్రి సోమయామాత్యుడు వరుసను చూడటానికి వచ్చాడు. ఆయన మహాపండితుడు, సాధువు, నున్నగా మెరిసే బట్టతల కలవాడు. ఓబన్న వంగి ఒక్కొక్క కుండనే మొడుతూ, "బాగుంది, బాగుంది" అంటూ పోతున్నాడు. పెళ్ళాం ఏటి అవతల ఎవరి పంచన తలదాచుకుంటుందో, రేపటి నుంచి ఇంట్లో సారె చప్పుడు తప్ప మరేం వినబడుతుందో అన్న దిగులుతో కన్నీళ్ళు జలజలా కారుతున్నాయి; కళ్ళు కనబడటం లేదు, వేలు మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. సరిగ్గా అప్పుడే ఒక కుండ అడుగున మచ్చేదో ఉందని మంత్రిగారు తల వంచారు. ఓబన్న వేలు ఆ తలను కూడా మొట్టింది. మోత నచ్చలేదు. మరోసారి మొట్టి, "ఇది సరిగా కాలలేదు దొరా, పక్కన పెట్టించండి" అన్నాడు.

రావులమ్మ పెదవి కొరుక్కుంది, కొంగు నోట్లో కుక్కుకుంది, దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుంది. సభలో బాన లేదాయె! పకపకమంటూ బయటపడిన ఆ నవ్వు స్తంభాలన్నీ తాకి సింహాసనం దాకా వెళ్ళింది. భటులు కత్తుల మీద చెయ్యి వేశారు. మహారాజు లేచి నిలబడ్డాడు. ఆయన గడ్డం వణికింది, భుజాలు అదిరాయి. కోపమనుకొని ఓబన్న నేల మీద సాగిలపడి, ఇంతసేపూ రాని మాట అప్పుడు అనేశాడు:

"మహాప్రభో, రాణమ్మను దేవుడు తీసుకుపోయాడు, తమరేం చేయగలరు? నా ఆడదాన్ని మాత్రం తమరే పంపేస్తున్నారయ్యా."

మహారాజు నవ్వుతున్నాడు. ఏడేళ్ళ నవ్వు ఒక్కసారిగా వచ్చి ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. ఏడుపు తీరాక, "మృణాళిని ఉంటే ఈవేళ అందరికంటే ముందు నవ్వేది" అని మాత్రం అన్నాడు. పొద్దు గూకకముందే మళ్ళీ దండోరా మోగింది, పడవ ఖాళీగా నిలిచిపోయింది.

ఏటేటా రాణిగారి పేర తూర్పున ఉన్న ఆ ఎర్రమట్టి మిట్ట మీద నవ్వుల ఉత్సవం జరగాలనీ, హాస్యగాళ్ళకూ పనివాళ్ళకూ బొక్కసం నుంచి బత్తెం ఇప్పిస్తాననీ రాజు సెలవిచ్చాడు. దానికి రావులమ్మ ఒప్పుకోలేదు. "కూలికి ఏడ్చేవాళ్ళను చూశాం గాని, కూలికి నవ్వడమేంటి దొరా? మా చేతులున్నాయి, మేం చేసుకుంటాం" అంది. ఓబన్న మంచినీళ్ళ కుండలు తెచ్చాడు, మేదరులు తడికలు కట్టారు, గొల్లలు మజ్జిగ మోశారు. తొలి ఏడు ఆ మిట్టను ఊడ్చినవాడు జయకేతన మహారాజే. సోమయామాత్యుడు మిట్ట మీది నున్నని బండనొకదాన్ని చూపించి, "మొట్టాలనుకున్నవాళ్ళు దీన్ని మొట్టండి నాయనా, నాకున్నది ఒక్కటే తల" అన్నాడట. నాటినుంచి ఆ చోటు మొట్టికాయల మిట్ట అయింది.

పన్నెండు ఉత్సవాలు చూసి రావులమ్మ కన్నుమూసింది. ఆ ఏడు నవ్వుల పండుగ వద్దని ఊరు ఊరంతా అనుకుంది. ఆ రోజు ఓబన్న, ఆనాటి అడుగులేని బానను అలాగే కాల్చి దాచుకున్నవాడు, దాన్ని నెత్తిన పెట్టుకొని ఒంటరిగా మిట్ట ఎక్కాడు. జనం ఒక్కరొక్కరే వెనక చేరారు. అతను బానను ఏటివైపు తిప్పి బండ పక్కన పెట్టి, బండను మొట్టి, "ఇది ఇంకా కాలలేదు" అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. "నవ్వండయ్యా, నా ఆడదానికి వినబడాలి" అన్నాడు. ముందుగా తలారి నవ్వాడు, ఆపైన రాజు నవ్వాడు, ఆపైన మిట్టంతా నవ్వింది. బానలోంచి ఆ నవ్వు ఏరు దాటి వెళ్ళింది. ఓబన్నకు తన భార్య ఎందుకు నవ్వేదో ఆనాడు బోధపడిందని, జన్మలో మొదటిసారి అతనూ నవ్వాడని మా పెద్దలు చెబుతారు.

శాంభవీపురం ఇప్పుడు మహానగరమైంది. మిట్ట చుట్టూ మేడలు లేచాయి, ఉత్సవానికి మైకులూ, షామియానాలూ, దేశదేశాల హాస్యగాళ్ళూ వస్తున్నారు. అయినా కుర్చీలు వేసే ఇంజనీరుకూ, టీ అందించే డాక్టరమ్మకూ, చెత్త ఎత్తే కలెక్టరుగారికీ బత్తెం అన్న మాటే లేదు. రావులమ్మ మాట దాటినవాడు ఇంతవరకు పుట్టలేదు. కుమ్మరులు ఏటా ఒక అడుగులేని బాన చేసి తెచ్చి వేదిక ముందు ఏటివైపు తిప్పి పెడతారు. నవ్వి నవ్వి ఇళ్ళకు వెళ్ళే ప్రతివారూ బండ దగ్గర ఆగి, తమను ఎప్పుడో నవ్వించి వెళ్ళిపోయినవారి పేరు మనసులో తలుచుకొని, కృతజ్ఞతగా ఒక్క మొట్టు మొట్టి పోతారు. బండ నడినెత్తిన గుప్పెడు నీళ్ళు పట్టే గుంట ఒకటి ఉంది, వెళ్ళినవారు చూడవచ్చు. దాన్ని ఏ శిల్పీ చెక్కలేదు. ఇన్ని తరాల వేళ్ళు చేసిన గుంట అది.